రౌద్రం హాస్యంగా మారే చోటు: జేమ్స్ ఫిన్లేసన్ నటన – రసదృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: స్కాట్లండులో పుట్టి, అమెరికా మూకీ, తొలి టాకీ చిత్రాల్లో లారెల్–హార్డీ జంటకు ప్రత్యర్థిగా పేరుపొందిన జేమ్స్ ఫిన్లేసన్ (1887–1953) నటనను భారతీయ నాట్యశాస్త్ర పరిభాషలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన ప్రదర్శించేది పూర్తిస్థాయి రౌద్రమనీ, దాని విభావంలోని అనౌచిత్యం వల్లనే అది ఆభాసమై హాస్యానికి దారితీస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రధానపాత్ర నుంచి ప్రత్యర్థి పాత్రకు ఆయన మారడాన్ని పతనంగా చూసే అభిప్రాయాన్ని ఈ దృష్టితో పునర్విచారిస్తుంది.

కీలక పదాలు: హాస్యం, రౌద్రం, రసాభాస, అనౌచిత్యం, ఆంగికాభినయం, మూకీ చిత్రాలు, ఫిన్లేసన్.

1. ప్రస్తావన

హాల్ రోచ్ స్టూడియో 1927లో నిర్మించిన ‘షుగర్ డాడీస్’ అనే మూకీ చిత్రంలో ఇంటి యజమాని పాత్రధారి జేమ్స్ ఫిన్లేసన్. ఆలివర్ హార్డీ ఆ ఇంట్లో బట్లరు. స్టాన్ లారెల్ లాయరు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1931లో అదే స్టూడియో తీసిన ‘చికెన్స్ కమ్ హోమ్’ టాకీలో యజమాని హార్డీ, బట్లరు ఫిన్లేసన్. ఈ రెండో చిత్రానికి మరో విశేషం కూడా ఉంది. అది 1927లోనే వచ్చిన ‘లవ్ ఎమ్ అండ్ వీప్’ అనే మూకీకి పునర్నిర్మాణం. ఆ మూకీలో పాత ప్రియురాలి బెదిరింపులకు హడలిపోయే పెద్దమనిషి వేషం వేసినవాడు ఫిన్లేసనే. హార్డీకి అందులో దక్కింది చిన్న వేషం. అంటే తాను పోషించిన పాత్రను మరొకరు పోషిస్తుండగా, ఆ ఇంట్లోనే సేవకుడి పాత్ర ఫిన్లేసన్ వంతుకు వచ్చింది.

ఈ మార్పును ఒక్క వాక్యంలో తేల్చేయడం పరిపాటి: జంట కుదిరింది, మూడోవాడు పక్కకు తప్పుకున్నాడు. నటజీవితాన్ని మెట్లలెక్కన కొలిచే ఈ పద్ధతిలో నాయకపాత్ర పై మెట్టు, సహాయపాత్ర కింది మెట్టు. తెలుగు సినిమాపై మనం రాసుకున్న చరిత్రల్లో కూడా ఈ కొలతే నడుస్తున్నది. ‘క్యారెక్టర్ నటుడు’ అనే మాటను మనం వాడే తీరులోనే కొంత జాలి ధ్వనిస్తుంది. అయితే ఫిన్లేసన్ చిత్రాలను కాలక్రమంలో చూస్తే కనిపించే సంగతి వేరు. 1927కు ముందు ప్రధానపాత్రల్లో ఉన్న ఫిన్లేసన్ నైపుణ్యం కలిగిన నటుడు. అంతకుమించి చెప్పడానికి లేదు. ప్రత్యర్థిగా మారిన తర్వాతనే ఆయన నటనకు తనదైన ధర్మం ఏర్పడింది. అదేమిటో నిరూపించడం ఈ వ్యాసం పని.

ఇందుకు నాట్యశాస్త్ర పరిభాషను ఎంచుకోవడంపై సందేహం రావచ్చు. హాలీవుడ్ రెండు రీళ్ల చిత్రాలకూ భరతుడికీ ఏమిటి సంబంధం? చారిత్రకంగా ఏ సంబంధమూ లేదు. కానీ నటుడి కనుబొమ్మ ఎంతవరకు లేస్తే ఏ భావమో విడమరచి చెప్పిన శాస్త్రం మన దగ్గర ఉన్నది. మాట లేని చిత్రంలోని నటుణ్ణి వివరించడానికి అంతకంటే సూక్ష్మమైన పరిభాష నాకు దొరకలేదు. పైగా హాస్యంపై తెలుగులో జరిగిన పరిశోధన అధికంగా వాచికం చుట్టూనే తిరిగింది. చాటువు, శ్లేష, వ్యంగ్యం, మాండలికం, సంభాషణ – ఇవే మన అధ్యాయాల పేర్లు. హాస్యంలో శరీరం చేసే పనిని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు ‘హావభావాలతో నవ్వించాడు’ అని ఒక వాక్యం రాసి దాటిపోతున్నాం. వాచికమే లేని నటుణ్ణి పరిశీలిస్తే ఆ వాక్యంతో తప్పించుకునే వీలుండదు.

2. లార్బర్ట్ నుంచి కల్వర్ సిటీకి

ఫిన్లేసన్ 1887 ఆగస్టు 27న స్కాట్లండులోని స్టిర్లింగ్‌షైర్‌కు చెందిన లార్బర్ట్ పట్టణంలో జన్మించాడు. 1911లో అమెరికా చేరాడు. అక్కడి రంగస్థలంపై ఆయనకు గుర్తింపు తెచ్చినది గ్రాహం మొఫట్ రచించిన ‘బంటీ పుల్స్ ద స్ట్రింగ్స్’ అనే స్కాటిష్ హాస్యనాటకం. 1916 నాటికి హాలీవుడ్‌లో స్థిరపడి, కొంతకాలం మాక్ సెనెట్ చిత్రాల్లో నటించి, 1923లో కల్వర్ సిటీలోని హాల్ రోచ్ స్టూడియోలో చేరాడు. (మన తెలుగు హాస్యానికి స్కాట్లండుతో ఉన్న ముడి బారిస్టరు చదువుకోసం ఎడిన్‌బరో చేరిన పార్వతీశం ద్వారా ఏర్పడినదే. ఆ ఎడిన్‌బరోకు లార్బర్ట్ ఎంతో దూరం కాదు. ఇది కేవలం ముచ్చట. వాదానికి దీనితో పనిలేదు.)

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటున్నది. ఆ తరంలో హాలీవుడ్ చేరిన బ్రిటిష్ హాస్యనటుల్లో చాప్లిన్, లారెల్ ఇద్దరూ ఫ్రెడ్ కార్నో బృందంలో తయారైనవారు. మ్యూజిక్ హాల్ వేదికపై మాటలు తక్కువగా, శారీరక విన్యాసం ఎక్కువగా ఉండే ప్రహసనాలు వారి బడి. ఫిన్లేసన్ పేరు తెచ్చుకున్నది అటువంటి ప్రహసనంతో కాదు. పల్లెటూరి పెద్దరికాన్నీ, ఆదివారపు చర్చి మర్యాదలనూ నవ్వులాటగా చూపే నాటకంతో. అక్కడ నటుడు కిందపడి నవ్వించడు. గౌరవంగా నిలబడి నవ్విస్తాడు. ఆయన తర్వాతి పాత్రలన్నింటిలో కనిపించే ‘నిలబడిన పెద్దమనిషి’ మూలం ఇక్కడే ఉన్నదని నా ఊహ.

1925లో వచ్చిన ‘యెస్, యెస్, నానెట్’ చిత్రంలో ముగ్గురూ తొలిదశలోనే కలుస్తారు. ఫిన్లేసన్ కొత్త అల్లుడు, హార్డీ ఆ అమ్మాయి పాత ప్రియుడు, లారెల్ దర్శకుల్లో ఒకడు. ఫిన్లేసన్‌లో ఏం పనికొస్తుందో లారెల్‌కు కెమెరా వెనుక నుంచి అప్పుడే తెలిసి ఉండాలి. తర్వాతి కాలంలో జంట చిత్రాల కల్పనలో లారెల్ పాత్ర ఎంత పెద్దదో తెలిసినవారికి ఇది అతిశయోక్తి అనిపించదు. లారెల్–హార్డీలతో ఫిన్లేసన్ కలిసి కనిపించిన చిత్రాలు 33.

3. ఒక కనుబొమ్మ

ఫిన్లేసన్ ఆహార్యం రెండే అంశాలతో ఏర్పడింది: బట్టతల, గుబురుమీసం. తల సొంతమే, మీసం మాత్రం అతికించుకున్నది. హాస్యానికి విభావాలను చెబుతూ భరతుడు మొట్టమొదట పేర్కొన్నది వికృతవేషాన్ని. అయితే ఈ మీసం వికృతం కావడానికి కారణం దాని ఆకారం కాదు, దాని మీద పడే బరువు. మీసం పౌరుషానికి చిహ్నమని మనకు వేరే చెప్పనక్కరలేదు. మెలేసినా, దించినా అర్థం ఉన్నది. ఫిన్లేసన్ కూడా ఆ మీసం తన పరువును కాపాడుతుందని నమ్మినట్టే నటిస్తాడు. ప్రేక్షకుడికి అది అంటించినదని తెలుస్తూనే ఉంటుంది.

అసలు పని జరిగేది మీసానికి పైన. ఒక కన్ను చికిలించి, రెండో కన్ను పెద్దది చేసి, దానిమీది కనుబొమ్మను నిలువునా ఎత్తడం ఆయన ముద్ర. నాట్యశాస్త్రం చెప్పిన ఏడు భ్రూకర్మల్లో ‘ఉత్క్షేపం’ ఒకటి. దీని వినియోగంలో భరతుడు చూపిన విచక్షణ ఆశ్చర్యం కలిగిస్తుంది. కనుబొమ్మలు రెండూ కలిసి లేచే సందర్భాలు వేరు, ఒకటే లేచే సందర్భాలు వేరు. విస్మయం, హర్షం, తీవ్రరోషం వంటివాటికి రెండు. కోపం, వితర్కం మొదలైనవాటికీ, దేన్నయినా చూసేటప్పుడు, వినేటప్పుడూ ఒకటి. ఫిన్లేసన్ ఎత్తేది ఒకటే. ఇది అల్పవిషయం కాదు. ఒక్క కనుబొమ్మతో కోపమూ వితర్కమూ ఏకకాలంలో పలుకుతాయి. ఆయన కోప్పడుతున్నాడు, అదే క్షణంలో ‘నేను చూస్తున్నది నిజమేనా’ అని తర్కించుకుంటున్నాడు కూడా. శుద్ధమైన కోపం చూపరిని భయపెడుతుంది. వితర్కం కలిసిన కోపం చూపరికి కొంత ఊపిరి సలిపే చోటు ఇస్తుంది.

ఈ కనుబొమ్మకు కాలం తోడైతే డబుల్ టేక్ అవుతుంది. మొదట చూస్తాడు. చూసినదాన్ని మామూలు సంగతిగా తీసుకుని తల తిప్పుకుంటాడు. తిప్పిన తల సగంలో ఆగుతుంది. అప్పుడు విసురుగా వెనక్కి తిరిగి చూస్తాడు, కనుబొమ్మ లేస్తుంది, మెడ, భుజాలు వెనక్కి జారుకుంటాయి. విశ్లేషిస్తే ఇందులో కనిపించేది వితర్కం, విస్మయం, అమర్షం – ఈ వరుస. ఒక్కొక్కదానికి సెకను కూడా పట్టదు. ఇతర హాస్యనటులు డబుల్ టేక్‌ను ఆశ్చర్యంతో ముగిస్తారు. ఫిన్లేసన్ దాన్ని అవమానంతో ముగిస్తాడు. ఆయన ప్రత్యేకత మొత్తం ఆ మూడో అంచెలోనే ఉన్నది.

రోచ్ స్టూడియోలోనే ఎడ్గర్ కెన్నెడీ అనే మరో కోపిష్ఠి ఉండేవాడు. కెన్నెడీ కోపం నెమ్మదిగా కాగే పాలవంటిది. అరచేత్తో ముఖాన్ని పైనుంచి కిందికి తుడుచుకుంటూ దిగమింగుతాడు. ఫిన్లేసన్‌ది తాటాకు మంట. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం మామూలే గానీ, ఒకరిది అణచుకునే క్రోధం, మరొకరిది అణచుకోవడం చేతకాని క్రోధం.

4. ‘బిగ్ బిజినెస్’: వంతులవారీ విధ్వంసం

ఫిన్లేసన్ నటనకు పరాకాష్ఠ 1929 ఏప్రిల్‌లో విడుదలైన ‘బిగ్ బిజినెస్’. జేమ్స్ డబ్ల్యు. హార్న్ దర్శకత్వం, లియో మెకారీ పర్యవేక్షణ, జార్జ్ స్టీవెన్స్ ఛాయాగ్రహణం. రెండు రీళ్ల మూకీ. 1992లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో దీనికి చోటు దక్కింది. కథ అనదగినది దాదాపు లేదు. ఎండ కాస్తున్న కాలిఫోర్నియాలో లారెల్, హార్డీ ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ చెట్లు అమ్ముతుంటారు. ఫిన్లేసన్ ఇంటి తలుపు తడతారు. ఆయన వద్దంటాడు. తలుపు మూసేసరికి చెట్టుకొమ్మ అందులో ఇరుక్కుంటుంది. కొమ్మ కోసం మళ్లీ గంట కొడతారు. మళ్లీ తలుపు, మళ్లీ ఏదో ఇరుక్కోవడం. చివరికి లారెల్‌కు వ్యాపారసూత్రం తట్టి వచ్చే ఏడాదికైనా ఆర్డరు ఇమ్మంటాడు. ఫిన్లేసన్ లోపలికి వెళ్లి కత్తెర తెచ్చి చెట్టును ముక్కలుగా కత్తిరిస్తాడు.

అక్కడినుంచి జరిగేది తెలిసినదే. వారు ఇంటిని, ఈయన కారును ధ్వంసం చేయడం మొదలవుతుంది. కారు దీపం ఊడుతుంది, కిటికీ పగులుతుంది, తలుపు ఊడుతుంది, తోటలోని చెట్లు నేలకూలుతాయి, పూలకుండీలు బంతుల్లా ఎగురుతాయి, పియానో వీధిలోకి వచ్చి గొడ్డలివేటు తింటుంది. కారు ఇనుపతుక్కుగా మారుతుంది. ఈ పట్టికలో నవ్వు లేదు. వస్తువులు పగలడం దానంతట అది హాస్యం కాదు.

నవ్వు పుట్టేది ఎదుటివారి వంతులో. లారెల్, హార్డీ ఇంటిపై ఒక దెబ్బ వేస్తున్నంతసేపూ ఫిన్లేసన్ అడ్డుకోడు. నిలబడి చూస్తాడు. వారి పని పూర్తయిందని రూఢి అయిన తర్వాత, ఒక నిశ్చయంతో, కారువైపు నడుస్తాడు. అప్పుడు వారు నిలబడి చూస్తారు. ఇది మన పద్యనాటక ప్రేక్షకులకు కొత్త కాదు. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయములు’ ఆడేటప్పుడు రాయబార ఘట్టంలో ఒకరు పద్యం ఎత్తుకుని రాగం సాగదీస్తున్నంతసేపూ ఎదుటి పాత్ర ఆయుధంపై చెయ్యి వేసుకుని వేచి ఉంటుంది. ఎంతటి కోపావేశంలోనైనా ఎదుటివాడి పద్యాన్ని మధ్యలో తుంచకపోవడం మర్యాద. ‘బిగ్ బిజినెస్’లో పద్యానికి బదులు విధ్వంసం. ఆ మర్యాదను మాత్రం ముగ్గురూ అక్షరాలా పాటిస్తారు.

ఈ నిరీక్షణను నిలబెట్టవలసిన బరువు ఎక్కువగా ఫిన్లేసన్‌పైనే పడింది. ఎందుకంటే పోతున్నది ఆయన ఇల్లు. లారెల్, హార్డీ ఇద్దరు. ఒకరి ముఖం ఒకరు చూసుకోగలరు. ఈయన ఒంటరి. ఆయన ముఖం చూసే మనిషి ప్రేక్షకుడొక్కడే. ఇంటి నుంచి ఒక్కొక్క వస్తువు బయటికి వస్తుంటే ఆయన కనుబొమ్మ చేసే లెక్కను మనం చూస్తుంటాం. చివరి దశలో, చేతికి చిక్కిన క్రిస్మస్ చెట్టుతో ఆయన కుస్తీ పడతాడు. శత్రువులు పక్కనే ఉండగా చెట్టును పగవాడిలా పట్టి పీకుతాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమన్న సామెతకు దీనికంటే మంచి దృశ్యరూపం ఉండదేమో.

5. రౌద్రాభాస

ఇక సిద్ధాంతం. ఫిన్లేసన్ చూపేది కోపం నటిస్తున్న హాస్యమా, కోపమేనా? ఆయన అనుభావాలను లెక్కిస్తే భ్రుకుటి, నేత్రవిస్ఫారణం, పిడికిలి బిగించడం, ఆయుధగ్రహణం, భేదనం, ఛేదనం – రౌద్రానికి శాస్త్రం చెప్పిన సామగ్రి దాదాపు పూర్తిగా ఉన్నది. వ్యభిచారిభావాల్లో అమర్షం, ఉగ్రత, ఆవేగం, గర్వం ఉన్నాయి. స్థాయి క్రోధం. వీటిలో దేన్నీ ఆయన వెటకారంగా చేయడు. కోపాన్ని ఎగతాళి చేస్తూ కోప్పడే నటుడు ఒక్క నిమిషంలో విసుగు పుట్టిస్తాడు. ఫిన్లేసన్ ఇరవై నిమిషాలు నిలబడింది ఆ కోపాన్ని తాను నమ్మినందుకే. లోపం ఉన్నది విభావంలో: ఒక కొమ్మ, ఒక తలుపు. రావణుడి కోపానికి చాలినంత ఆవేశం ఒక చెట్టుకొమ్మపై ఖర్చవుతున్నది.

హాస్యానికి విభావత్వం అనౌచిత్యప్రవృత్తి వల్లనే కలుగుతుందని అభినవగుప్తుడు ‘అభినవభారతి’లో ప్రతిపాదించాడు. శృంగారాభాసతో ఆగక, కరుణాది రసాల ఆభాసలన్నింటికీ హాస్యత్వాన్ని అంగీకరించాడు. మన పాఠాల్లో రసాభాసకు ఉదాహరణగా రావణుడి సీతాభిలాషను చెప్పి ఊరుకోవడం వల్ల, ఆభాస అంటే దోషమనే అభిప్రాయమే విద్యార్థికి మిగులుతున్నది. అది ఒక రసం నుంచి మరో రసాన్ని పుట్టించే యంత్రమన్న సంగతి మరుగునపడింది. ఫిన్లేసన్ ఆ యంత్రాన్ని నడిపి చూపిస్తాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణం పుడతాయని కదా భరతుడి సూత్రం. రౌద్రం నుంచి హాస్యం ఎలా పుడుతుంది? ‘బిగ్ బిజినెస్’ ముగింపు ఈ ప్రశ్నకు నేనూహించని రీతిలో జవాబిచ్చింది. అప్పటిదాకా కారులో కూర్చుని అన్నీ పుస్తకంలో రాసుకుంటున్న పోలీసు దిగి వచ్చి, గొడవ ఎవరు మొదలుపెట్టారని అడుగుతాడు. ఫిన్లేసన్ ఏడుపు మొదలుపెడతాడు. లారెల్, హార్డీ ఏడుస్తారు. చివరికి పోలీసూ ఏడుస్తాడు. భరతుడు చెప్పినట్టు రౌద్రం కరుణంలోకే వెళ్లింది. అయితే అది కూడా అనుచిత కరుణమే. ఇల్లు కూల్చినవారే ఇల్లు పోయినవాడితో కలిసి ఏడుస్తున్నారు. ఆభాస మీద ఆభాస. లారెల్ సంధిసూచకంగా ఫిన్లేసన్‌కు చుట్ట ఇస్తాడు. లారెల్, హార్డీ చాటుగా నవ్వుకోవడం పోలీసు చూసి తరుముతాడు. చుట్ట ఫిన్లేసన్ ముఖంపై పేలుతుంది. చిత్రంలో ఫిన్లేసన్‌కు నవ్వు రాదు. భరతుడు చెప్పిన ఆత్మస్థ, పరస్థ హాస్యాల్లో ఆయనది ఎప్పుడూ రెండోదే.

‘వన్ గుడ్ టర్న్’ (1931) ఈ విషయాన్ని మరోవైపు నుంచి చూపిస్తుంది. అందులో ఒక ముసలావిడను ఇల్లు ఖాళీ చేయమని ఫిన్లేసన్ గద్దిస్తుంటాడు. నిజానికి అది నాటకానికి రిహార్సలు. బయటినుంచి చూసిన లారెల్, హార్డీ అది వాస్తవమని నమ్మి ఆవిడను కాపాడటానికి బయలుదేరతారు. శంకుకుడు చిత్రతురగ న్యాయంతో చెప్పదలచిన భేదాన్ని – బొమ్మలోని గుర్రం గుర్రమూ కాదు, గుర్రం కానిదీ కాదు అన్న ఎరుకను – ఈ ఇద్దరూ కోల్పోయారు. వారు సహృదయులు కాలేకపోవడమే అక్కడి హాస్యం. ఫిన్లేసన్ కోపం ఎంత నమ్మదగినదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

6. యజమాని

ఆయన పాత్రలను వరుసగా పేర్కొంటే ఒక తీరు బయటపడుతుంది. ‘లిబర్టీ’లో గ్రామఫోను రికార్డుల దుకాణదారు. ‘ద హూస్‌గౌ’లో గవర్నరు. ‘అనదర్ ఫైన్ మెస్’లో ఊరు వెళ్లగానే ఇంట్లోకి అపరిచితులు చొరబడే కల్నల్. ‘అవర్ వైఫ్’లో పెళ్లికి ఒప్పుకోని పిల్ల తండ్రి. ‘పార్డన్ అస్’లో జైలు బడి పంతులు. ‘వే అవుట్ వెస్ట్’లో మద్యశాల యజమాని. ఒక దుకాణమో, ఒక ఇల్లో, ఒక పదవో, ఒక కూతురో – ఏదో ఒకదాన్ని తనదనుకుని కాపలా కాసే మనిషి. లారెల్, హార్డీలకు ఏ ఆస్తీ నిలవదు. ఉన్న కారు కూడా చిత్రం పూర్తయ్యేసరికి మిగలదు. వారికి ఎదురు నిలిచేవాడు ఆస్తిపరుడు కావడం కథకు అవసరం.

దీన్ని పట్టుకుని ‘బిగ్ బిజినెస్’ను పెట్టుబడిదారీ వ్యవస్థపై వ్యంగ్యంగా, 1929 మార్కెట్ పతనానికి జోస్యంగా చదవాలనిపించడం సహజం. అది ఆకర్షణీయమైన పఠనమే గానీ నాకు సమ్మతం కాదు. చిత్రం 1928 డిసెంబరులో చిత్రీకరించినది, పతనం 1929 అక్టోబరులో వచ్చింది. అదీగాక ఫిన్లేసన్ యజమాని ధనికుడు కాడు. లాస్ ఏంజలిస్ చేవియట్ హిల్స్‌లోని ఆ ఇల్లు ఒక మధ్యతరగతి బంగళా. తలుపు తీయడానికి నౌకరు లేడు. ఎన్నిసార్లు గంట మోగినా ఆయనే రావాలి. ఈ కోపం వర్గాధిపత్యానిది అనడం కంటే, కష్టపడి సంపాదించుకున్న చిన్న మర్యాదకు భంగం కలిగినవాడిది అనడం సబబు. మధ్యతరగతి ప్రేక్షకుడు ఆ ఇంటిని చూసి నవ్వగలిగేది అది తన ఇంటిలాగే ఉన్నందుకు, తనది కానందుకు.

ఈ సూత్రానికి కొలబద్ద ‘బానీ స్కాట్లండ్’ (1935). ఫిన్లేసన్ తన సొంత ఉచ్చారణతో, తన సొంత దేశపు సైన్యంలో సార్జెంట్ మేజర్‌గా కనిపిస్తాడు. దళం భారతదేశానికి వస్తుంది. కాలిఫోర్నియాలో కట్టిన ఆ ‘భారతదేశం’లో మనకు గుర్తుపట్టదగినది ఏమీ లేదు, స్థానికులు కేవలం తిరుగుబాటుదారులుగానో, నేపథ్యంగానో ఉంటారు. భారతీయ ప్రేక్షకుడు ఆ లోపాన్ని మర్యాదకోసం దాటవేయనక్కరలేదు. నటన విషయంలో కూడా అక్కడ తేడా తెలుస్తుంది. సార్జెంట్ మేజర్ కోపానికి సైన్యం అండ ఉన్నది. అది చట్టబద్ధమైన కోపం. అనౌచిత్యం తగ్గింది, నవ్వూ తగ్గింది. అడుగు తప్పి నడిచే లారెల్‌ను చూసి చివరికి దళమంతా అతడి అడుగుకే మారే కవాతు ఘట్టంలో మాత్రం అధికారం చేతులారా జారిపోతుంది. ఆ కొద్దిసేపు మనకు పాత ఫిన్లేసన్ దొరుకుతాడు.

7. గొంతు వచ్చిన తర్వాత

టాకీ రాక ఎందరో మూకీ నటులను దెబ్బతీసింది. ఫిన్లేసన్‌కు అది ఒక ధ్వనిని ఇచ్చింది. ‘డో...’ అని సాగదీసే ఆ అరుపును ఒక తిట్టు నోటిదాకా వచ్చి మర్యాదకోసం సగంలో ఆగిపోయిన శబ్దంగా వివరిస్తారు. ఆ వివరణ సరైనదైతే, అది ఆయన డబుల్ టేక్‌కు వాచికరూపమే: సగంలో ఆగే తల, సగంలో ఆగే తిట్టు. దశాబ్దాల తర్వాత ‘ద సింప్సన్స్’ కార్టూన్ ధారావాహికలో హోమర్ పాత్రకు గొంతునిచ్చిన డాన్ కాస్టెలనెటా, స్క్రిప్టులో కేవలం విసుగుతో కూడిన మూలుగు అని ఉన్నచోట ఫిన్లేసన్‌ను తలచుకుని ఆ ధ్వనిని వాడాడు. సాగదీత మాత్రం కుదించవలసి వచ్చింది. 2001లో ఆ మాట ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో చేరింది. నిఘంటువులో స్థానం పొందిన వాచికం ఒక మూకీ నటుడిది కావడం విచిత్రమే. అయినా ఆ ధ్వని ఒక్కటే ఫిన్లేసన్‌గా మిగలడం నాకు లోటుగానే తోస్తుంది. కనుబొమ్మ లేని ‘డో’ సగం అభినయం.

ప్రస్తావనలో చెప్పిన బట్లరు వద్దకు ఇప్పుడు తిరిగి వెళ్లవచ్చు. ‘లవ్ ఎమ్ అండ్ వీప్’లో రహస్యం బయటపడుతుందని వణికే యజమానిగా ఫిన్లేసన్ అనేక హాస్యనటుల్లో ఒకడు. భయపడటం ఆయన విద్య కాదు. ‘చికెన్స్ కమ్ హోమ్’లో ఆ భయం హార్డీకి సహజంగా అమరింది. బట్లరైన ఫిన్లేసన్‌కు చూడటమే పని. యజమాని తడబాటును కనిపెట్టి, కనుబొమ్మతోనే తనకు తెలిసిందని తెలియజేసి, నోరు మూసుకున్నందుకు ప్రతిఫలం పుచ్చుకునే సేవకుడు. వేషం చిన్నది. కానీ మొదటి చిత్రంలో ఆయనను మరొకరితో భర్తీ చేయవచ్చు. రెండో చిత్రంలో చేయలేం.

లారెల్, హార్డీ 1940లో రోచ్ స్టూడియోను వదిలిన తర్వాత ఆ ఎదురుబొదురు కూడిక ముగిసింది. ‘సాప్స్ ఎట్ సీ’లో వైద్యుడిగా వేసినది వారితో ఆయన కలిసిన చివరి చిత్రం. అటుపైన, 1951లో ‘రాయల్ వెడ్డింగ్’లో గుర్రపుబండో కారో తోలుకునే అద్దెబండి మనిషి వరకు, చాలావాటిలో తెరపై పేరు కూడా వేయని చిన్న వేషాలు. 1953 అక్టోబరు 9న లాస్ ఏంజలిస్‌లో మరణించాడు.

ఆ చిన్న వేషాల్లో ఒకటి ఎర్న్‌స్ట్ లూబిష్ దర్శకత్వం వహించిన ‘టు బీ ఆర్ నాట్ టు బీ’ (1942)లో ఉన్నది. వార్సాలోని నాటకబృందం నాజీల కళ్లుగప్పి విమానంలో బ్రిటన్ చేరుతుంది. హిట్లర్ వేషంలో ఉన్న నటుడు పారాచూట్‌తో స్కాట్లండు గడ్డివాముపై దిగుతాడు. అక్కడ ఇద్దరు స్కాటిష్ రైతులు నిలబడి ఉంటారు. వారిలో ఒకడు ఫిన్లేసన్. అంతకు ఏడాది ముందు, 1941 మేలో, నాజీ నాయకుడు రుడాల్ఫ్ హెస్ నిజంగానే స్కాట్లండులో పారాచూట్‌తో దిగాడు. అందువల్ల ఆ రైతులకు ఇది పెద్ద విశేషంగా తోచదు. మొన్న హెస్ వచ్చాడు, ఇవాళ ఇతను వచ్చాడు అన్న ధోరణిలో రెండు ముక్కలు అనుకుంటారు. చెట్టుకొమ్మ తలుపులో ఇరుక్కుంటే ఇల్లు పోయేదాకా రగిలిన మనిషి, ఆకాశం నుంచి హిట్లర్ ఊడిపడితే తల తిప్పి రెండోసారి కూడా చూడడు.